జెండా మీది పొట్టేలు

రండి పిల్లలూ, ఇంకా దగ్గరికి రండి. వెనక ఆ గుసగుసలేమిటి? చాప మీద చోటుంది, కాస్త జరిగి కూచోండి. ఇది నవ్వించే కథ కాదు, ముందే చెబుతున్నాను.

అనగనగా, రాజులు ఏలే కాలంలో, గుమ్మడికొండ అని ఒక ఊరు. ఆ ఊరి చివర గుడిసెలో పాలవ్వ అనే ముసలమ్మ ఉండేది. ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. ఉన్నవి రెండే ప్రాణాలు: ఒక నల్ల పొట్టేలు, ఒక ఎర్ర పుంజు.

పొట్టేలు ఒంటి మీద వెతికినా తెల్ల వెంట్రుక దొరకదు. పుంజు పొద్దస్తమానం దాని వీపు మీదే కూచుని పిడుదులు ఏరి తినేది, ఊరి కబుర్లన్నీ చెప్పేది. "బావా" అంటే "బావా" అనుకునేవి. చలి పొద్దుల్లో ఆ రెండూ ఆనుకుని పడుకుంటే, వాటిని ఆనుకుని అవ్వ పడుకునేది.

ఇలా ఉండగా ఊరిపెద్ద కాలం చేశాడు. "కొత్త పెద్దను మీరే ఎన్నుకోండి" అని రాజుగారు కబురంపారు. ఓబులప్ప, తిరుమలయ్య అని ఇద్దరు నిలబడ్డారు. ఊళ్ళో అక్షరం వచ్చినవాళ్ళు తక్కువ. అందుకని రెండు కుండలు పెట్టి, ఓబులప్ప కుండ మీద పొట్టేలు బొమ్మ, తిరుమలయ్య కుండ మీద పుంజు బొమ్మ వేయించారు. ఎవరికి నచ్చిన కుండలో వాళ్ళు చింతగింజ వెయ్యాలి.

బొమ్మ ఒక్కటే చాలుతుందా? ప్రాణమున్నదాన్ని ఊరేగిస్తే ఆ హంగే వేరు. ఇద్దరూ పాలవ్వ గుడిసెకే వచ్చారు.

"ఎన్నిక కాగానే తెచ్చి నీ గుంజకే కట్టేస్తాంలే అవ్వా!" అన్నాడు ఓబులప్ప.

పెద్దవాళ్ళు అడిగారు. అవ్వ కాదనలేకపోయింది.

కాళ్ళకు గజ్జెలు కట్టి పొట్టేలును తోలుకుపోతూ ఓబులప్ప పొలిమేర అమ్మవారి దగ్గర ఆగాడు. "తల్లీ, నా గుర్తు గెలిస్తే మచ్చలేని నల్ల పొట్టేలును నీకిచ్చుకుంటాను" అని మొక్కుకున్నాడు. పొట్టేలు పక్కనే నిలబడి తన కాళ్ళ గజ్జెలు చూసుకుంటోంది. మొక్కు మొక్కే, గుర్తు గుర్తే. పక్కనున్నదీ మచ్చలేనిదేనని ఓబులప్పకూ ఆ క్షణాన తట్టలేదు.

ఇక ఊరేగింపులే ఊరేగింపులు! "పొట్టేలుకు జై!" అనేవాళ్ళు జనం. జై అన్నప్పుడల్లా పొట్టేలు గర్వంగా ఒళ్ళు జాడించేది. గజ్జెలు ఘల్లుమనేవి. జనం పొంగిపోయి మళ్ళీ జై కొట్టేవాళ్ళు.

మొదటి రోజు పుంజు ఎదురుపడింది. "బావా, మేత పెట్టారా?"

"పెడతారులే. మెడలో దండ చూశావా?"

రెండో రోజు మళ్ళీ ఎదురుపడింది. "బావా, మేత పెట్టారా?"

"కొమ్ములకు రంగు వేశారు, చూడు!"

మూడో రోజు రెండు గుంపులూ వీధి మలుపులో ఎదురెదురయ్యాయి.

"మీ పుంజుకు కూత తప్ప ఏమొచ్చురా?"

"మీ పొట్టేలు వెనక్కి వెనక్కి నడుస్తోందే! కుమ్మడానికా, పారిపోవడానికా?"

ఆ గోలలోనే పుంజు అడిగింది. "బావా, మేత..."

పొట్టేలు మొహం తిప్పుకుంది. అవతలి పక్షంతో మాట్లాడితే మనవాళ్ళేమనుకుంటారు?

చింతగింజలు లెక్కపెట్టారు. ఓబులప్ప గెలిచాడు. "అచ్చిరాని పుంజు!" అని తిరుమలయ్య మనుషులు పుంజును గోడవతలికి విసిరేశారు. అది కుంటుకుంటూ ఇల్లు చేరింది.

"నీ తోడేదిరా?" అంది అవ్వ.

తోడు ఎక్కడుంది? మొక్కు తీర్చాలిగా, ఓబులప్ప మందలన్నీ వెతికించాడు. ఒకదానికి కాలి మీద మచ్చ, ఒకదానికి నుదుటి మీద చుక్క. చివరికొకడు నెమ్మదిగా అన్నాడు: "అయ్యా, మచ్చలేనిది ఊళ్ళో ఒక్కటే ఉంది."

ఓబులప్ప లేచి పొలిమేర వైపు చూశాడు. తర్వాత, "గుర్తు బొమ్మలో ఉంటుంది. పొట్టేలు పోతే బొమ్మ పోతుందా?" అన్నాడు.

ఆ మాట పుంజు చెవిన పడింది. కుంటుకుంటూనే పొట్టేలు దగ్గరికి వెళ్ళింది.

"బావా, రేపు నీ మీద పసుపునీళ్ళు చల్లుతారు. నువ్వు ఒళ్ళు జాడిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. మూడుసార్లు చల్లినా కదలకపోతే వదిలేయాలి. అది ఆచారం. కదలకు బావా!"

పొట్టేలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కదలను. అవ్వ దగ్గరికి వచ్చేస్తాను" అంది.

తెల్లవారింది. ఊరంతా పొలిమేర చేరింది. పుంజును చంకన పెట్టుకుని అవ్వ కూడా వచ్చింది.

ఒకసారి నీళ్ళు చల్లారు. పొట్టేలు రాయిలా నిలబడింది.

రెండోసారి చల్లారు. చెవి కూడా ఆడించలేదు. అవ్వ గుండెలో దీపం వెలిగింది.

మూడోసారి చల్లారు. పొట్టేలు కదల్లేదు. అంతలో గుంపులోంచి ఎవరో, పాపం పగతో కాదు, ప్రేమతోనే, అలవాటుగా అరిచారు:

"పొట్టేలుకు జై!"

పొట్టేలు గర్వంగా ఒళ్ళు జాడించింది. గజ్జెలు ఘల్లుమన్నాయి.

ఆ తర్వాతది నేను చెప్పను పిల్లలూ.

మర్నాడు అవ్వ ఓబులప్ప వాకిటికి వెళ్ళింది. "అయ్యా, నా గుంజకు కట్టేస్తానన్నావు. నా పొట్టేలేది?"

ఓబులప్ప చావడి మీది జెండా చూపించాడు. దాని మీద బంగారు కొమ్ముల పొట్టేలు గాలికి ఎగురుతోంది. "అదిగో అవ్వా! ఎంత ఎత్తున ఉందో చూడు. ఊరంతా దణ్ణం పెడుతోంది."

అవ్వ కొంగు చాటున తెచ్చిన పిడికెడు పచ్చగడ్డి బయటికి తీసింది. జెండా వంక చూసింది. గడ్డి వంక చూసుకుంది.

"అంత ఎత్తుకు మేత ఎట్లా అందించనయ్యా?" అంది.

ఓబులప్ప తల దించుకున్నాడు. అవ్వ ఆ గడ్డిని తీసుకెళ్ళి ఖాళీ గుంజ దగ్గర వేసింది. ఆ పూట పుంజు కూయలేదు.

సరే, పొద్దుపోయింది. లేవండి, కళ్ళు తుడుచుకోండి. ఇళ్ళకు వెళ్ళి వేడివేడిగా అన్నం తినండి. తినేముందు మీ కొట్టంలోని జీవాలకు ఇంత మేత వెయ్యడం మరవకండి. జై కొట్టినవాళ్ళందరూ మనవాళ్ళు కారు నాయనా, మేత పెట్టారా అని అడిగినవాడే మనవాడు.