కాఫీతో మింగిన మాత్ర

అరకు దగ్గర ఒక కొండవాలున కాఫీ తోట సాగు చేసుకునే బిమలకు, ఎవరేం చెప్పినా సగం విని తలూపేసే అలవాటు ఉండేది.

ఆమె కూతురు జమునకు థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. ఆసుపత్రిలో నర్సమ్మ మాత్రలిచ్చి, "రోజూ పొద్దున్నే పరగడుపున వెయ్యాలి. వేసేటప్పుడు..." అంటూండగానే బిమల సంచి సర్దుకుంది.

"తెలిసింది లెండమ్మా! బస్సు పోతాది," అంది.

ఆ ఇంట్లో పరగడుపున ముందు పడేది కాఫీయే. తమ చెట్ల పళ్ళు తామే ఎండబెట్టి, దంచి, వేయించి, పొడి కొట్టి కాచుకునేవారు. రోజూ తెల్లారగానే బిమల కాఫీ గ్లాసూ మాత్రా కలిపి కూతురి చేతికిచ్చేది.

నెలలు గడిచాయి. కొండ మీది మంచు ఎండకు విడిపోయేది. జమున కళ్ళలోది విడిపోయేది కాదు. పిలిస్తే లోయ అవతలి నుంచి పలికినట్టు పలికేది.

"అమ్మా, మంచు నా తలలోకి వచ్చేసినట్టుందే."

"పని తప్పించుకోడానికి మాటలు నేర్చావు! మాత్ర వేస్తున్నాను కదా, ఇంకేటి?"

మిరియాల కోత వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్టుకు అల్లుకున్న తీగ నుంచి గుత్తులు కోయడానికి జమున నిచ్చెనెక్కింది. కింద నిలబడ్డ బిమలకు మంచులో కూతురి పాదాలు మాత్రమే కనిపించాయి. పచ్చని గుత్తులు ఒక్కొక్కటే రాలాయి. తర్వాత రాలలేదు. ఒక పాదం మెల్లగా, నీళ్ళలోకి దిగుతున్నట్టు, మెట్టు మీంచి జారింది.

"జమునా!"

ఎండుటాకుల మీద పడింది కాబట్టి ప్రాణం దక్కింది. చెయ్యి విరిగింది.

"మాత్ర దేంతో వేస్తున్నారు?" ఆసుపత్రిలో కట్టు కడుతూ, జమున మగత చూసి నర్సమ్మ అడిగింది.

"కాఫీతో."

"అయ్యో! ఆ రోజు చెబుతూంటేనే వెళ్ళిపోయారు. కాఫీతో వేస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదమ్మా. అందుకే ఈ మగత. మంచినీళ్ళతో వేసి, గంట ఆగి కాఫీ ఇవ్వండి."

బిమల కూతురి చేతి కట్టు వైపు చూసింది. సంచి కింద పెట్టింది.

"ఇంకోసారి చెప్పండమ్మా. చివరిదాకా."

కొన్ని వారాలకు జమున కళ్ళు తేటపడ్డాయి. ఒక పొద్దున వాకిట్లోంచి కేకేసింది.

"అమ్మా! గంట ఇంకా కాలేదా? నీ గడియారం నిద్రపోయిందేటి?"

"అరవకే. ఇంకా ఐదు నిమిషాలుంది," అంది బిమల. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మందు ఏదో తెలిస్తే చాలదు. దేంతో వేసుకోవాలో, ఎంతసేపు ఆగాలో చివరిదాకా వినాలి.