కంటకయ్య గోళీబల్ల

అనగనగా, పిల్లలూ, జంతువులు ఒకరింటికొకరు చుట్టపుచూపుగా వెళ్ళే రోజుల్లో, ఏనుగుబోడు అనే కొండ కింద ఒక అడవి ఉండేది. ఆ అడవిలో కంటకయ్య అనే ముళ్లపంది ఉండేవాడు.

కంటకయ్య మెత్తని మనసువాడు. నోట్లో నాలుక లేనివాడు. కాని ఏం లాభం? ఒంటినిండా మూరెడేసి ముళ్లు. ముళ్లపంది పక్కన ఎవరు కూర్చుంటారు చెప్పండి? పెళ్ళిభోజనాల్లో అతని పంక్తిలో అటు రెండు విస్తళ్లు, ఇటు రెండు విస్తళ్లు ఎప్పుడూ ఖాళీయే. దారిలో కనబడితే "బాగున్నావా?" అని దూరం నుంచే అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయేవారు.

పోనీ ఆ ముళ్లు లేకపోతే బాగుండునా అంటే, అదీ కాదు. వాగు అవతల ఒక చిరుతపులి ఉంది. అది ఎదురుపడినప్పుడల్లా కంటకయ్య వీపు తిప్పి ముళ్లు ఆడించేవాడు. అవి గలగలమనేవి. చిరుత దారి మార్చుకునేది. అతనికి కోటా అవే, కత్తులూ అవే.

ఒక ఏడు వానాకాలమంతా బొరియలో ఒంటరిగా కూర్చుని కంటకయ్య ఒక ఆటవస్తువు చేశాడు. దాని పేరు గోళీబల్ల. గాలికి కూలిన మద్దిచెట్టు నుంచి వెడల్పాటి పలక తీసి, దాన్ని వాలుగా నిలబెట్టాడు. కింది మూలలో ఒక వెదురుబద్ద పెట్టాడు. బద్దను వెనక్కి లాగి వదిలితే ఎండిన కుంకుడుగింజ ఒకటి రయ్యిమని పైకి పోతుంది. పైనుంచి, పలకంతా నాటిన పుల్లలకు తగులుకుంటూ, గంతులేస్తూ కిందికి దిగుతుంది. అడుగున ఒక రంధ్రం. రంధ్రానికి అటూ ఇటూ రెండు చెక్కరెక్కలు. గింజ రంధ్రంలో పడబోతుంటే రెక్కతో మళ్లీ పైకి కొట్టాలి. పడిందా, ఆట అయిపోయినట్టే.

ఆ పుల్లల దగ్గరే చిక్కొచ్చింది. తుమ్మముళ్లు నాటితే పుటుక్కున విరిగాయి. వెదురుపుల్లలు నాటితే గింజ వాటికి తగిలి చచ్చినట్టు ఆగిపోయింది. చివరికి బొరియలో రాలిపడిన తన ముల్లునే ఒకటి తీసి నాటాడు. గింజ తగలగానే ముల్లు "టింగ్" అంది. గింజ చెంగున ఎగిరింది. ఏళ్ల తరబడి బొరియలో రాలిన ముళ్లన్నీ ఏరి, కంటకయ్య పలకంతా నాటాడు. ఇంకా మూడు మిగిలాయి.

ఆ టింగుటింగులు అడవంతా వినబడ్డాయి. సాయంత్రానికి వాకిలి కిటకిటలాడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కంటకయ్య పక్కన ఎవరో కూర్చున్నారు. అతనికి కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ సంతోషంలోనే వచ్చినవాళ్లకు ఒక మాట చెప్పాడు. "ఏమీ అనుకోకండి. వేళ్లకొసలతో ఆడండి, గుద్దకండి. బల్లను కదపకండి. ఏదైనా విరిగితే మాత్రం నాకు చెప్పండి. ఏమీ అనుకోకండేం."

ఎంత మెల్లగా చెప్పాడంటే ముందు కూర్చున్నవాళ్లకే సరిగ్గా వినబడలేదు. విన్నవాళ్లు మాట వరసకు అన్నాడులే అనుకున్నారు.

ముందు గుబురయ్య అనే ఎలుగుబంటి ఆడాడు. గింజ రంధ్రంలో పడింది. గుబురయ్యకు రోషమొచ్చి పలక మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. మూడు ముళ్లు విరిగాయి.

"అరెరే, నీ బల్ల గట్టిది కాదయ్యా కంటకయ్యా!" అన్నాడు గుబురయ్య.

"ఫర్వాలేదు, ఫర్వాలేదు" అన్నాడు కంటకయ్య. లోపలికి వెళ్లి, రాలిన ముళ్లలో మిగిలిన మూడు తెచ్చి నాటాడు. దాంతో ఆ నిల్వ అయిపోయింది.

తరవాత కొమ్మన్న అనే కోతి ఆడాడు. ఇతను గుద్దలేదు. గింజ రంధ్రం వైపు వస్తుంటే బల్ల మూలను పైకెత్తి, గింజను పక్కకు మళ్లించాడు. చూసినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎత్తిన బల్లను దబ్బున వదిలేసరికి అయిదు ముళ్లు వంగి చీలిపోయాయి.

"నువ్వేమీ అనుకోలేదుగా?" అన్నాడు కొమ్మన్న ఇకిలిస్తూ.

"అబ్బే! ఆటన్నాక ఫర్వాలేదు" అన్నాడు కంటకయ్య. లోపలికి వెళ్లాడు. నిల్వ లేదుగా మరి. పళ్లు బిగబట్టి, తన వీపు మీది ముళ్లే అయిదు పీకాడు. నెత్తురు తుడుచుకుని నవ్వుతూ బయటికొచ్చాడు.

ఇక జంబన్న అనే నక్క సంగతి చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. జంబన్న గుద్దలేదు, ఎత్తలేదు. ఇప్పపువ్వు సారా దొప్ప తెచ్చుకుని, దాన్ని పలక మీదే పెట్టుకుని ఆడాడు. దొప్ప ఒరిగింది. సారా ఒలికి పలక నానింది. నానిన చోట ముళ్ల మొదళ్లు వదులై రెండు ఊడివచ్చాయి. జంబన్న అటూ ఇటూ చూశాడు. ఊడిన ముళ్లను ఎండుటాకుల కింద తోశాడు. తోసి, కంటకయ్య భుజం మీద చెయ్యేశాడు.

"బావా! నీ చేతిలో విద్య ఉంది. ఇలాంటి బల్ల మూడు అడవుల్లో లేదు. రేపు మా వాళ్లందరినీ తీసుకొస్తాను" అన్నాడు.

తీసుకొచ్చాడు కూడా. వాళ్లూ ఆడారు, వాళ్లూ విరిచారు, వాళ్లూ ఆకుల కింద దాచారు. విరిగిందెక్కడో చెప్పేవాడు లేక కంటకయ్య రోజూ పొద్దున్నే పలకంతా తడుముకునేవాడు. ఖాళీ చోటల్లా వెతికి పట్టుకునేవాడు. ఎన్ని ఖాళీలుంటే అన్ని ముళ్లు పీక్కునేవాడు. సాయంత్రానికి బల్ల కొత్తదానిలా ఉండేది. ఏమీ విరగనట్టే ఉండేది. ఇక చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది, పిల్లలూ?

మూడు నెలలు ఇలా గడిచాయి. కంటకయ్య భుజాల మీద శాలువాలా ఎండాకు కప్పుకుని తిరగసాగాడు. చలేస్తోందా అని కూడా ఎవరూ అడగలేదు.

ఒకరోజు పొలుసమ్మ అనే అలుగు వచ్చింది. అలుగంటే ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులుండి, చీమలు తిని బతికే జంతువు. ఆమె అందరి వెనకా నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగింది. వంతు వచ్చినా బల్లను ముట్టుకోలేదు.

"మామా, నేను ఆడొచ్చా?" అని అడిగింది.

కంటకయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ మాట అతన్ని అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు.

"ఆడు తల్లీ, ఆడు!" అన్నాడు.

పొలుసమ్మ మెల్లగానే ఆడింది. కాని అలుగు గోళ్లు పెద్దవి. రెక్కను నొక్కబోతే ఒక గోరు పక్కనున్న ముల్లుకు తగిలి, అది టప్పున విరిగింది. వెంటనే ఆమె ఆట ఆపేసింది.

"మామా! ఒక ముల్లు విరిగింది. నేనే విరిచాను. ఎడమ రెక్క పక్కనున్నది" అంది, అందరూ వింటుండగా.

వాకిట్లో ఉన్నవాళ్లంతా ఆమెను కొరకొరా చూశారు. విరిచినవాళ్లు గుట్టుగా ఉండాలని అక్కడ ఎవరూ పెట్టని కట్టుబాటు ఒకటి ఏర్పడిపోయింది మరి.

"ఫర్వాలేదమ్మా" అన్నాడు కంటకయ్య.

"మీకు లేకపోవచ్చు మామా, నాకుంది. అలాంటి ముల్లు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, తెచ్చిస్తాను."

కంటకయ్య గబగబా బొరియలోకి వెళ్లాడు. పొలుసమ్మ వెంటే వెళ్లింది. అతను ఎండాకు తీసి, తోక దగ్గర మిగిలిన కాసిని ముళ్లలో ఒకటి పట్టుకుని పీకబోతున్నాడు. వీపంతా బోడి. పీకిన చోటల్లా పుళ్లు.

పొలుసమ్మ ఏడుస్తూ అడిగింది. "ఇదా మామా మీరు చేస్తున్నది? ఎందుకు చెప్పలేదు?"

"వచ్చినవాళ్లను ఏమంటాను తల్లీ? మొహమాటం. నా వాకిట్లో ఎవరూ లేని రోజులు నువ్వు చూడలేదు. కోప్పడితే మళ్లీ రారేమో."

"ఆ ముల్లు ముట్టుకోకండి. నా పొలుసు ఒకటి పీకి పెట్టండి."

కంటకయ్య నవ్వాడు. "నీ పొలుసు బల్లపరుపు కదమ్మా, గింజ ఎగరదు. ఉండనీ. విరిగిందని నోరు తెరిచి చెప్పావు చూడు, అదే నాకు చాలు."

"చాలదు. చిరుత ఉంది మామా! మీ ముళ్లు మళ్లీ మొలిచేదాకా బల్ల కట్టిపెట్టండి. ఎవరొచ్చినా రాకపోయినా నేనొచ్చి మీ పక్కన కూర్చుంటాను."

"సరే, రేపటి నుంచి" అన్నాడు కంటకయ్య.

పొలుసమ్మ బయటికొచ్చి జరిగినదంతా చెప్పింది. మీరు విరిచిన ముళ్లన్నీ అతని వీపువే అంది. అతని దగ్గర ఇక పిడికెడే మిగిలాయంది. సిగ్గుపడతారనుకుంది పాపం.

"అదేమిటి! తనే ఫర్వాలేదన్నాడుగా?" అన్నాడు గుబురయ్య.

"నేను విరిచింది అయిదే. మిగతావాళ్లను అడుగు" అన్నాడు కొమ్మన్న.

జంబన్న మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత త్యాగం! ఇలాంటి మహానుభావుడు మన అడవిలో ఉండటం మన పుణ్యం. అయితే బల్ల రేపటి నుంచి ఉండదన్నమాట? అలాగైతే ఇవాళ తలా ఒక్క ఆట ఆడుకుందాం. చివరిసారి!"

చివరిసారి అనేసరికి అందరికీ ఆత్రం పుట్టింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. వద్దు వద్దని పొలుసమ్మ అడ్డం పడింది. పక్కకు నెట్టేశారు. రేపు ఎలాగూ ఉండదు కదా అని గుద్దినవాళ్లు గుద్దారు, ఎత్తినవాళ్లు ఎత్తారు. బల్ల బోసిపోయి మధ్యలో ఆట ఆగిపోయింది.

"బావా, ఇంకొక్క నాలుగు ముళ్లుంటే నా ఆట పూర్తవుతుంది" అన్నాడు జంబన్న బొరియలోకి తొంగి చూసి.

లేవని చెప్పడానికి కంటకయ్యకు నోరు రాలేదు. పొద్దుగూకేదాకా ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చాడు. చివరి ముల్లు ఇచ్చేటప్పుడు కూడా "ఫర్వాలేదు" అనే అన్నాడు.

పొలుసమ్మ ఆ సాయంత్రమే బయల్దేరింది. కంటకయ్య ఏళ్లుగా నడిచిన దారులన్నీ వెతికితే రాలిన ముళ్లు కొన్నయినా దొరక్కపోవు, వాటిని బొరియ గుమ్మంలో అడ్డంగా పాతితే చిరుత లోపలికి రాదు అని ఆమె ఆశ. తెల్లవారేసరికి ఏడు దొరికాయి. నోట కరుచుకుని పరుగున వస్తోంది.

ఈలోగా కంటకయ్య దాహమేసి వాగుకు వెళ్లాడు. అవతలి ఒడ్డున చిరుత నీళ్లు తాగుతోంది. అలవాటు ప్రకారం కంటకయ్య వీపు తిప్పి ఆడించాడు. చప్పుడు రాలేదు.

చిరుత తలెత్తి వింతగా చూసింది.

"ఎవరు నువ్వు? ఇంత మెత్తటి జంతువు ఈ అడవిలో ఉన్నట్టే నాకు తెలియదే!" అంది.

"నేను కంటకయ్యను" అన్నాడతను.

"కాదులే. కంటకయ్యను నాకు తెలుసు. వాడి దగ్గరికి ఎవరూ పోలేరు" అంటూ చిరుత వాగు దాటింది.

పొలుసమ్మ వచ్చేసరికి ఒడ్డున తడి ఇసుకలో కంటకయ్య అడుగులు నీళ్లదాకా ఉన్నాయి. తిరిగొచ్చిన అడుగులు లేవు.

ఆ సాయంత్రం గుబురయ్య, కొమ్మన్న, జంబన్న మళ్లీ వచ్చారు. కంటకయ్య లేడని పొలుసమ్మ చెప్పింది. ఎలా పోయాడో కూడా చెప్పింది. ముగ్గురూ అయ్యో అన్నారు. జంబన్న అతని మంచితనం గురించి చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడటం అయ్యాక, వచ్చాం కదా అని బల్ల ముందు కూర్చున్నారు. పదిరోజులకు ముళ్లన్నీ విరిగాయి. కొత్తవి నాటేవారు లేరు. వెదురుబద్ద లాగి వదిలితే గింజ పైకి పోయి, దేనికీ తగలకుండా, ఒక్క చప్పుడైనా లేకుండా జారి రంధ్రంలో పడింది. విసుగొచ్చి ముగ్గురూ లేచి వెళ్లిపోయారు. తాము ఏదైనా పాడుచేశామని వాళ్లకు ఈనాటికీ అనుమానం లేదు.

పొలుసమ్మకు మాత్రం తాను విరిచిన ఆ ఒక్క ముల్లు మనసులోంచి పోలేదు. నేను కూడా ఒకటి విరిచాను, అతను పోగొట్టుకున్న ముళ్లలో నా వంతూ ఉంది అనుకునేది. ఎవరైనా ఎదురైతే ముఖం చెల్లక, తల పొట్టలో దాచుకుని ఉండలా ముడుచుకునేది. ఆమె పిల్లలూ అలాగే నేర్చుకున్నారు. అలుగు మన అడుగుల చప్పుడు వినగానే చుట్టుకుపోతుంది చూడండి, భయంతో అని పెద్దలంటారు. భయం కాదు పిల్లలూ, సిగ్గు. ఆ అడవిలో సిగ్గుపడిన జంతువు అదొక్కటే.

కాబట్టి నీతి ఏమిటంటే: పరుల వస్తువుతో ఆడేవాడు అడిగి ముట్టుకోవాలి, విరిగితే దాచకుండా చెప్పాలి, దాన్ని బాగుచేయడానికి ఎవరి ఒళ్లు ఖర్చవుతోందో తెలుసుకోకుండా రెండో ఆట ఆడకూడదు.