మరిడమ్మ తాటిబుర్ర బండి

గర్జనపురం పరుగుపందెం అంటే మాటలా! అడవులన్నిటికీ అదే పెద్ద పట్నం. పందెం నాడు చీమలు కూడా చోటు చాలక ఒంటికాలి మీద నిలబడాలి. డప్పు మోగిందంటే పక్క దేశంలో మబ్బులు బెదిరిపోయి వాన కురిపించేస్తాయి.

ఆ పట్నంలో చక్రాల పందేనికి పెద్దదిక్కు మరిడమ్మ ఉడుము. బండరాయి పడి వెనక కాళ్ళు చచ్చుబడితే, వడ్రంగిపిట్ట చేత తాటిబుర్రలే చక్రాలుగా బండి కట్టించుకుంది. ముందుకాళ్ళతో నేలను ఒక్క తోపు తోసిందంటే భూమే వెనక్కి జరగాలి!

అయినా ఆ ఏడు ఆమెకు గుండెల్లో గుబులే. "ముందు బయల్దేరి ముందు చేరడమే! చక్రాల పందెం చప్పగా ఉంటోంది. ఈసారీ అంతే అయితే రాజవీధిలో పెట్టం, వెనక సందులో ఆడుకోండి" అనేశాడు సింహం దొర.

పందెం పెత్తనం నక్క పానకాలుది. మొదటి బహుమతి మీద కన్నూ వాడిదే. ఏటా చక్రాలవాళ్ళు ముందు, కాళ్ళవాళ్ళు వెనక బయల్దేరడం రివాజు. ముందు బయల్దేరారు కాబట్టే ముందు చేరుతున్నారని వాడి లెక్క. పూలన్నీ వాళ్ళ మీదే పడుతున్నాయని కడుపుమంట.

"మరిడత్తా, ఈసారి మీరు అందరికన్నా వెనక నిలబడండి" అన్నాడు తియ్యగా.

"ఎందుకల్లుడూ?"

"మీ మేలుకే! మేం వెళ్ళిపోయాక నిమ్మళంగా దొర్లుకుంటూ పొద్దుగూకేలోగా రావచ్చు. నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతోందత్తా."

"నీ కడుపు సంగతి తర్వాత. మమ్మల్ని ముందు పోనియ్యి నాయనా. అది మీ మేలుకే."

"మా మేలుకా!" నక్క నవ్విన నవ్వుకు చింతకాయలు జలజలా రాలాయి. "విన్నారా దొరా, ముందు చోటు కోసం అత్త ఎత్తులు!"

సింహం దొర జూలు నిమురుకున్నాడు. "పెత్తనం నీది. నీ ఇష్టం."

వెనక బండిలో కుంటి మేక బావురుమంది. "అక్కా, మనకిక సందే గతి!"

"ఏడవకే. గొంతు సవరించుకో. ఇవాళ దానికే పని ఎక్కువ."

నగారా మోగింది. కాళ్ళవాళ్ళు కొండెక్కి మాయమయ్యారు. మరిడమ్మ ఉడుంపట్టు పట్టింది. భుజాలు నిప్పుల కొలిమయ్యాయి, చెమట ఏరై పారి కింద ఊళ్ళో మడులు తడిసిపోయాయి. బండి మాత్రం వెనక్కి జారలేదు. కొండ కొస అందింది. ఇక కింద రాజవీధి దాకా పల్లమే!

తాటిబుర్రలు ఉరిమాయి.

"తప్పుకోండర్రోయ్!" వెనక బండిలోంచి మేక గొంతెత్తింది.

జింక గోడెక్కింది. అడవిపంది అరుగు కిందికి దూరింది. అందరికన్నా ముందున్న పానకాలు, జనం కేకలు తనకే అనుకుని, తోక ఊపుతూ అటూ ఇటూ దండాలు పెడుతున్నాడు.

"అల్లుడూ, జరుగు!"

తిరిగి చూసేసరికి నక్కకు కళ్ళు తాటిపళ్ళంతయ్యాయి. ఎగిరి గేదెల కుడితి తొట్టిలో పడ్డాడు. మరిడమ్మ గాలిలా దూసుకుపోయి పందెం చివర కట్టిన పూలదారం తెంపింది, వెనకే మేక. జనం వేసిన ఈలలకు కోట గోడలు బీటలిచ్చాయి!

కాళ్ళవాళ్ళు వచ్చేసరికి ఆమె మామిడిపండు తిని ఒక కునుకు తీసి లేచింది కూడా.

"ఇంత వేగమని ముందే చెప్పొద్దా అత్తా?" చెవుల్లోంచి తవుడు దులుపుకుంటూ అడిగాడు నక్క.

"ముందు పోనియ్యి, మీ మేలుకే అన్నాను కదరా!"

సింహం దొర గద్దె దిగొచ్చాడు. "మరిడమ్మా, రాజవీధి చాలుతుందా, వెడల్పు చేయించనా?"

"వీధి చాలు దొరా" అంది మరిడమ్మ, తల కోట బురుజంత ఎత్తుకు ఎత్తి. "మా ముందు చోటు మాకిప్పించండి. అల్లుడి ఒంటికి మంచిది."

ఎవరి మీదైనా జాలిపడబోయే ముందు వాళ్ళ వేగమెంతో కనుక్కోవాలి.