ఎవరెంత వాడుకున్నారు

"నెట్ లైను రుసుము అందరూ సమానంగా కట్టడం న్యాయమేనా గురువుగారూ?" అని వేదవతి అడిగింది.

కొండమీది ఆ ఆశ్రమంలో గ్రంథాలయానికి, బడికి, కంటి ఆసుపత్రికి కలిపి ఒకటే నెట్‌వర్కు. ఖర్చు మూడు భాగాలు చేసి తలా ఒకటి కట్టేవారు. గ్రంథాలయం వేదవతిది. శిథిలమైపోతున్న తాళపత్రాల్లోని కథలను పన్నెండేళ్ళుగా తన గొంతుతో చదివి నెట్‌లోకి ఎక్కిస్తోంది. ఆ పని సంగతి గురువుగారు ఎప్పుడో గాని అడగరు. తెల్లవారితే మాత్రం ఆసుపత్రిలో రోగులు ఎలా ఉన్నారని డాక్టరు సుహాసినిని వాకబు చేస్తారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా వేదవతి మనసు చివుక్కుమనేది.

ఆ నెల లెక్క తీస్తే మూడొంతుల వాడకం ఆసుపత్రిదే. దేనికి వాడారో ఆమె అడగలేదు, ఎంత వాడారో చూసిందంతే. "వాడుకునేది డాక్టరమ్మ, మోసేది మేమూనా?" అంది. ఎవరెంత వాడితే అంత కట్టాలంది.

గురువుగారు వాదించలేదు. అలాగే కానిమ్మన్నారు.

కొత్త పద్ధతి మొదలైన రోజే సుహాసిని, వైద్యానికి అవసరమైనది తప్ప మిగతా వాడకమంతా ఆపించింది. వేదవతికి రెండు రోజులు కడుపు చల్లబడింది. మూడోనాడు గురువుగారు ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు.

ఆపరేషనై కళ్ళకు కట్లున్నవాళ్ళు వరసగా పడుకుని ఉన్నారు. ప్రతి మంచం తల దగ్గరా ఒక చిన్న స్పీకరు. ఒక్కటీ పలకడం లేదు. అడుగుల చప్పుడుకు ఒక ముసలమ్మ తల తిప్పింది.

"ఎవరు నాయనా? కథలు చదివే అమ్మాయిని ఎందుకు మాన్పించారు? రాకుమారుణ్ణి ఏటి నడుమ వదిలేసి పోయింది. నాకసలే మతిమరుపు. ఇంకో రెండు రోజులైతే కథ మొదలు కూడా పోతుంది."

ఆ ఏరు వేదవతికి తెలుసు. అక్కడ తాటాకు అంచు పురుగు తినేస్తే, రెండు మాటలు తనే ఊహించి పూరించింది. ఆమె మెల్లగా మంచం అంచున కూర్చుంది.

"గురువుగారూ, ఆ రుసుము..." అని ఏదో అనబోయింది.

"అది ఎవరి పేరున రాయాలో తర్వాత చూద్దాం," అన్నారాయన. "ముందు ఆ పిల్లవాణ్ణి ఏరు దాటించు తల్లీ."