దివానుగారి కొత్త చెప్పులు

సంస్థానానికి కొత్తగా వచ్చిన దివాను, తన ముందు చెప్పులతో నడిచినవాణ్ణి ఊరినుంచి వెళ్లగొడతానని దండోరా వేయించాడు. మర్నాడే చెప్పులు కుట్టే గురవప్ప కిర్రుచెప్పులతో ఎదురొచ్చి, "దండాలు దొరా! తమరి పక్కవీధి వాణ్ణే" అని నవ్వాడు. ఇంత ఆప్యాయంగా పలకరించేవాణ్ణి ఎలా కసరాలో దివానుకి తోచలేదు.

"కాళ్లకవేమిట్రా?"

"తమరు పురమాయించిన జతే దొరా. కొత్తతోలు కరుస్తుంది కదా, నడిచి మెత్తబరుస్తున్నాను. విప్పెయ్యమంటారా?"

దివాను తన మడమమీది పుండు తడుముకున్నాడు. "వద్దొద్దు, నడు!"

ఆ మాట ఊరంతా పాకింది. సాయంత్రానికి అందరూ చెప్పులతోనే తిరుగుతున్నారు. ఎవర్నడిగినా, "తమరివే దొరా, మెత్తబరుస్తున్నాం!"

తానెన్ని జతలు పురమాయించాడో దివానుకి ఎంతకీ గుర్తురాలేదు.