పుట్టుమచ్చ పక్క మారిన పట్టుసంచి

అనగనగా, సముద్రపు హోరు ఇళ్ళలోకి వినిపించే ఒక ఊరు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో తల్లీ, చెబుతున్నా. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక నేతపిల్ల ఉండేది. వాళ్ళ నాన్న వీరాస్వామికి చూపు పోయింది. మరేమో, ఇల్లంతా నూకరత్నం నేసే ఒక్క మగ్గం మీదే గడిచేది.

వాళ్ళది బొమ్మల నేత. ఒక్కో రంగుకి ఒక్కో చిన్న దారపు కండె. ఎర్ర పట్టు ఎర్ర చోటు దాకా వెళ్ళి వెనక్కి రావాలి, పచ్చ పట్టు పచ్చ చోటు దాకా. సూది లేదు, కుంచె లేదు, నేస్తుంటేనే బొమ్మ పుట్టుకొస్తుంది! ఇంకో వింత విను. బొమ్మ మొహం కిందికి ఉంటుంది, నేసేవాళ్ళకి వీపే కనిపిస్తుంది. బట్ట మగ్గం మీంచి దించేదాకా మొహం చూడకూడదు. అది వాళ్ళ ఆచారం.

ఒకరోజు దివాన్‌గారు గుర్రబ్బండిలో వచ్చి దిగాడు. నూకరత్నం చేతిలో ఒక చిన్నపిల్ల పటం పెట్టాడు.

"రాణీగారి కూతురు బుల్లమ్మగారు పోయింది కదా. ఆ పాప మొహంతో రాణీగారు బొడ్లో దోపుకునే పట్టుసంచి నెయ్యాలి. పాప సంవత్సరీకం నాటికి అందాలి. వెంట్రుకవాసి తేడా వచ్చిందో, నీ మగ్గం పీకించి పొయ్యిలో పెట్టిస్తా" అన్నాడు.

పొయ్యిలోనా! మగ్గం కాలిపోతే నాన్నకి ముద్ద ఎక్కణ్ణుంచి వస్తుంది? నూకరత్నం తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది పాపం!

అప్పుడు పటం ఎదురుగా పెట్టుకుని కూచుంది. కళ్ళు నేసింది. పెదాలు నేసింది. బుల్లమ్మగారి ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చని కూడా, పటంలో ఏ పక్క కనిపిస్తే ఆ పక్కే నేసింది.

ఆ తర్వాత, పాప సంవత్సరీకానికి ముందురోజు పొద్దున్నే మగ్గం మీంచి దించి బట్ట తిరగేసింది. అమ్మబాబోయ్! పుట్టుమచ్చ కుడి బుగ్గ మీద ఉంది!

నూకరత్నం కేకేసింది. "నాన్నా! పుట్టుమచ్చ పక్క మారిపోయింది!"

వీరాస్వామి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యయ్యో! వీపు వైపు నుంచి నేస్తే కుడి ఎడమలు తారుమారవవటే! మనం ఎప్పుడూ ఎదురెదురు జంట హంసలే నేశాం. అవి తిరగేసినా జంట హంసలే. ఒంటి మొహం మనింట్లో ఎవరూ నెయ్యలేదు. నాకైనా తట్టలేదే!"

పోనీ వీపు వైపే పైకి పెట్టి కుట్టేద్దామా అనుకుంది. అటు చూస్తే అన్నీ దారపు కొసలు, ముడులు. పసిదాని మొహం నిండా గాట్లు పడ్డట్టుంది. మళ్ళీ నెయ్యాలంటే నెలలు పడతాయి. ఇంకేం చేస్తుంది? ఏడుస్తూనే సంచి కుట్టింది, ఏడుస్తూనే కోటకి పట్టుకెళ్ళింది.

దివాన్‌గారు చూడగానే మండిపడ్డాడు. "పుట్టుమచ్చ ఇటా ఉండేది? ఒరే, వెళ్ళి దీని మగ్గం పీక్కురండ్రా!" అని అరిచాడు. నూకరత్నం అక్కడికక్కడే కూలబడింది.

ఆ అరుపుకి రాణీగారు బయటికొచ్చింది. సంచి చేతిలోకి తీసుకుంది. అంతే, కెవ్వుమంది!

"ఈ మొహం నీకెవరు చూపించారే?"

"పటం చూసే నేశానమ్మగారూ. తప్పయిపోయింది. మా నాన్న గుడ్డివాడు, మగ్గం మాత్రం తియ్యకండి..."

"ఆ పటం తగలెయ్య! అది చూసినప్పుడల్లా ఎవరో పరాయి పిల్లలా ఉండేది. ఎందుకో నాకూ తెలిసేది కాదు" అంది రాణీగారు. "రోజూ బుల్లమ్మని అద్దం ముందు కూచోబెట్టి, నేను వెనక కూచుని జడ వేసేదాన్ని. అది అద్దంలోంచే నన్ను చూసేది, అద్దంలోంచే కబుర్లు చెప్పేది. అద్దంలో దాని పుట్టుమచ్చ ఇటే ఉండేది. ఇదేనే నా పిల్ల!"

ఏడాదిగా కన్నీటిచుక్క రాల్చని మనిషి, సంచిని బుగ్గకి ఆనించుకుని బావురుమంది. ఏం జరిగిందో అర్థంకాక నూకరత్నం బిత్తరపోయి చూస్తోంది.

రాణీగారు కళ్ళు తుడుచుకుని, వెళ్తున్న భటుల్ని కేకేసింది. "ఆగండ్రా! ఆ మగ్గం మీద చెయ్యి పడిందంటే ఊరుకోను." అప్పుడు సంచి బొడ్లో దోపుకుని నూకరత్నం పక్కనే నేల మీద చతికిలబడింది. మా బుల్లమ్మ ఏం కబుర్లు చెప్పేదో తెలుసా అంటూ, ఏడాది తర్వాత మొదటిసారి కూతురి మాట ఎత్తింది. నూకరత్నం ఊఁ కొడుతూ వింది.

కథ పోయె కంచికి, నువ్వు రా మంచానికి,
కండె పోయె మగ్గానికి, కునుకు రా కంటికి.