బొంత వెనక ముడులు

కొండదారిలో ఒక సత్రం ఉండేది. అందులో పదిమంది కలిసి కప్పుకునేంత పెద్ద బొంత ఒకటి ఉండేది. దానికి యజమాని లేడు. చలికి దాని కింద తలదాచుకున్నవాళ్ళు, ఓపిక ఉంటే, నాలుగు కుట్లు వేసి పోయేవాళ్ళు. కొందరు పోకుండా అక్కడే ఉండిపోయి రోజూ కుట్టేవాళ్ళు.

బొంతకు రెండే కట్టుబాట్లు. ఎవరి కుట్టునైనా ఎవరైనా విప్పవచ్చు, కానీ విప్పినవాళ్ళు కారణం అందరికీ వినబడేలా చెప్పాలి. ఎవరి దారం రంగు వాళ్ళదే, కానీ ముడి వెనకవైపే వేయాలి. పైన చూస్తే ఎవరు కుట్టారో తెలియదు, తిరగేస్తే తెలుస్తుంది. తిరగేసి చూసేంత తీరిక ఎవరికుంటుంది?

అలా ఉండిపోయినవాళ్ళలో ఒకామెది ఎర్రదారం. పన్నెండేళ్ళ నుంచి అక్కడే కుడుతోంది. బొంత నడిమధ్యన గుడ్డముక్కలతో కుట్టిన, పురి విప్పిన నెమలి ఆమెదే. మొదట్లో రోజూ తిరగేసి తన ఎర్రముడులు చూసుకుని మురిసిపోయేది. ఈమధ్య ఆ అవసరం కనిపించలేదు. బొంత బాగుందని ఎవరన్నా అంటే చాలు, తననే అన్నారనుకునేది.

ఒకరోజు చిరిగిన వలలు బాగుచేసి బతికే మనిషి ఒకడు నీలిదారం ఉండ పట్టుకుని వచ్చాడు. మొరటు వేళ్ళు, నెరిసిన మీసం.

"ఎక్కడ మొదలుపెట్టమంటారమ్మా?" అని అడిగాడు.

ఆమె గుమ్మం దగ్గర పడి ఉన్న పాతగుడ్డ చూపించింది. కొత్తవాళ్ళు చెయ్యి తిప్పుకునే గుడ్డ అది. "ముందు దీని మీద కుట్టు నాయనా. తొందరేముంది?" అంది. ఏడాదైనా వాడు అక్కడే పడి ఉంటాడని ఆమె లెక్క.

మూడో రోజుకే అతను బొంత అంచు పట్టుకున్నాడు. కాళ్ళ తాకిడికి చిరిగి వేలాడే ఆ అంచును ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. వలకు వేసే ముడులే వేసుకుంటూ పోయాడు. చూడ్డానికి ఏమంత బాగుండవు గానీ, లాగితే ఊడవు.

ఆ వారంలో ఒక ముసలమ్మ లేస్తూనే అడిగింది. "నా కాళ్ళకి మొదటిసారి చలెయ్యలేదే! ఆ చివర కుట్టిందెవరర్రా?"

ఎర్రదారం ఆమెకు మండిపోయింది. పన్నెండేళ్ళలో నెమలిని వెయ్యిమంది మెచ్చుకున్నారు. ఎవరు కుట్టారని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిన్నగాక మొన్న వచ్చినవాడి గురించి అడుగుతున్నారు! కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు పెద్దలు.

మర్నాడు అంచు విప్పేసి, "వంకరగా ఉంది," అంది గట్టిగా.

"అలాగేనమ్మా. తిన్నగా ఎలా వేయాలో చూపించండి," అన్నాడతను.

"చూపిస్తే వచ్చేది కాదు."

అతను మళ్ళీ కుట్టాడు. "ముడి గుచ్చుకుంటోంది," అని ఆమె మళ్ళీ విప్పింది. అతను మళ్ళీ కుట్టి, ముడులు రాయితో రుద్ది మెత్తగా చేశాడు. ఇక ఆమె దగ్గర కారణాలు అయిపోయాయి. మంట మాత్రం అలాగే ఉంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, వీడు ఎంత మేర ఆక్రమించాడో చూద్దామని బొంత తిరగేసింది. నీలిముడులు అంచుతో ఆగలేదు. తన నెమలి వెనక కూడా ఉన్నాయి! ప్రతి ఎర్రముడి పక్కన ఒక నీలిముడి.

"నా నెమలినే ముట్టుకుంటాడా!" అనుకుంది. ఆ ఎర్రముడులు ఎంత నలిగి ఉన్నాయో చూడలేదు. కళ్ళలో నిప్పులు పోసుకున్నవాళ్ళకు ఏం కనబడుతుంది? కత్తెర తీసి నీలిముడులన్నీ కత్తిరించింది. కారణం ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం నలుగురు చేరి ఎప్పటిలాగే బొంత దులిపారు. ఒక్క దులుపుకే నెమలి ఊడి, ఈకకో ముక్కగా నేల మీద పడింది.

"అయ్యయ్యో! ఎవరు విప్పారిది?" అన్నారందరూ.

ఆమె పాదాల దగ్గర నీలిదారపు తునకలున్నాయి. అతను వాటిని చూశాడు, ఆమెను చూశాడు. "కారణం చెప్పాలి కదమ్మా," అన్నాడు. గొంతులో కోపం ఉంది.

తప్పించుకోవాలనుకుంటే ఆమెకు మాటలు కొదవా? కానీ పన్నెండేళ్ళు ఇతరుల చేత పాటింపజేసిన కట్టుబాటు అది.

"ఓర్వలేక," అంది. "అంతకంటే కారణం లేదు."

అతను వంగి ఈకలు ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతూనే తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు. "అలాంటి నెమలి నా చేతికి రాదని నాకూ కుళ్ళుగానే ఉండేది. కానీ దారం తెగిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను."

ఆమె కూడా వంగింది. ఒక ఈక చేతిలోకి తీసుకుని, "ఆ ముడి ఎలా వేస్తావు?" అని అడిగింది.

మర్నాడు పసుపుదారం పట్టుకుని ఒకావిడ సత్రానికి కొత్తగా వచ్చింది. గుమ్మం దగ్గర పాతగుడ్డ మీద వలముడి వేస్తూ, తప్పి విప్పుకుంటూ ఒక నడివయసు ఆమె కనిపించింది.

"ఎక్కడ మొదలుపెట్టాలండీ? మీరూ కొత్తేనా?" అని అడిగింది.

"కొత్తేనమ్మా, నిన్ననే వచ్చాను," అంది ఎర్రదారం ఆమె. పక్కకు జరిగి గుడ్డలో సగం ఆవిడ ఒళ్ళోకి వేసింది.